పిట్టకథ ముందు, అసలు కథ వెనక: ‘ది కిల్లింగ్ జోక్’ యానిమేషన్ కేస్ స్టడీ

48 పేజీల కామిక్ పుస్తకం. దాన్ని గంటంబావు సినిమా చెయ్యాలి. మా పనిలో ఉన్నవాళ్ళెవరైనా ఈ లెక్క వినగానే అడిగే మొదటి ప్రశ్న ఒకటే: మిగతా అరగంట ఎక్కణ్ణుంచి తెస్తారు?

‘బ్యాట్‌మన్: ది కిల్లింగ్ జోక్’ యానిమేషన్ సినిమా 2016 జులైలో వచ్చింది. తీసింది వార్నర్ బ్రదర్స్ యానిమేషన్. దర్శకుడు శామ్ లియూ, స్క్రిప్టు బ్రయన్ అజరెల్లో, నిర్మాతల్లో బ్రూస్ టిమ్. 1990ల్లో టీవీలో వచ్చిన బ్యాట్‌మన్ కార్టూన్ చూసి పెరిగినవాళ్ళకి టిమ్ పేరు పరిచయం చెయ్యక్కర్లేదు. ఈ సినిమాతో నాకు ఏ సంబంధమూ లేదు. నేను హైదరాబాద్‌లో స్టోరీబోర్డులు (సీన్లని ముందే వరస బొమ్మలుగా గీసుకోవడం) వేస్తాను, ఎక్కువగా పిల్లల టీవీ సిరీస్‌లకి. జూనియర్లకి అడాప్టేషన్ గురించి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా మాత్రం ఈ పుస్తకాన్నీ సినిమానీ పక్కపక్కన పెడతాను. బాగా కుదిరిన సినిమాలో అతుకులు కనబడవు. ఇందులో కనబడతాయి, అదీ ఎవరు ఏ ఉద్దేశంతో వేశారో తెలిసేలా కనబడతాయి.

పుస్తకం సంగతి ముందు. 1988లో డీసీ కామిక్స్ వేసింది. రచన అలన్ మూర్, బొమ్మలు బ్రయన్ బోలండ్, రంగులు జాన్ హిగ్గిన్స్. కథ చిన్నది. బ్యాట్‌మన్ బద్ధశత్రువు జోకర్ పిచ్చాసుపత్రి నుంచి తప్పించుకుంటాడు. పోలీస్ కమిషనర్ గోర్డన్ ఇంటికెళ్ళి, తలుపు తీసిన ఆయన కూతురు బార్బరాని తుపాకీతో కాలుస్తాడు. గోర్డన్‌ని ఎత్తుకుపోయి, పాడుబడ్డ కార్నివాల్‌లో బట్టలు విప్పించి, గాయపడ్డ కూతురి ఫొటోలు చూపిస్తూ పిచ్చెక్కించాలని చూస్తాడు. ఎంత మంచివాడైనా ఒక్క చెడ్డరోజు పడితే తనలాగే అయిపోతాడని రుజువు చెయ్యడం వాడి పంతం. మధ్యమధ్యలో వాడి గతం వస్తుంది: ఉద్యోగం మానేసి కమెడియన్ అవుదామనుకుని నిలదొక్కుకోలేని ఓ మనిషి, కడుపుతో ఉన్న భార్య, ఒక దొంగతనం, కెమికల్ ఫ్యాక్టరీ. ఆ గతం నిజమో కాదో పుస్తకం తేల్చదు. తనకి గతం ఒకటి ఉండాలంటే అది మల్టిపుల్ చాయిస్‌లో ఉండాలని జోకరే అంటాడు.

గొడవంతా బార్బరా దగ్గర. ఆమె మామూలు పాత్ర కాదు, బ్యాట్‌మన్‌లాగే ముసుగేసుకుని నేరస్తులతో పోరాడే బ్యాట్‌గర్ల్. ఈ పుస్తకంలో మాత్రం తలుపు తీస్తుంది, తూటా తింటుంది, ఇక తర్వాత ఆమె బాధంతా తండ్రినీ బ్యాట్‌మన్‌నీ కదిలించడానికి పనికొచ్చే సామాను. ఇక్కడ నన్ను ఆపి ఉండాల్సిందని మూరే తర్వాత ఒక ఇంటర్వ్యూలో చెప్పుకున్నాడు. మరుసటి ఏడాదే జాన్ ఆస్ట్రాండర్, కిమ్ యేల్ దంపతులు ‘సూసైడ్ స్క్వాడ్’ సంచికల్లో ఆమెని చక్రాల కుర్చీలోనే, కంప్యూటర్ ముందు కూర్చుని సూపర్‌హీరోలకే దారి చూపే ‘ఆరకిల్’గా తిరిగి తెచ్చారు. 1999లో గెయిల్ సిమోన్, కామిక్స్‌లో హీరోకి కోపం తెప్పించడం కోసం బలైపోయిన ఆడపాత్రల జాబితా మొదలుపెడితే అందులో బార్బరా పేరూ ఉంది. 2015 మార్చిలో ఈ పుస్తకాన్ని గుర్తుచేసే ఒక బ్యాట్‌గర్ల్ కవర్ మీద పెద్ద రగడ జరిగింది. బొమ్మ వేసిన రఫాయెల్ అల్బుకర్కీయే వద్దనడంతో డీసీ దాన్ని ఆపేసింది. సుమారు నాలుగు నెలలకి, జులైలో, శాన్ డియేగో కామిక్ కాన్ వేదిక మీద టిమ్ ఈ సినిమా ప్రకటించాడు. అంటే నిప్పు ఆరిందని ఎవరూ అనుకోని టైమ్‌లో మొదలైన పని ఇది.

నా దగ్గర ఈ పుస్తకం రెండు కాపీలున్నాయి. మొదటిది ఆబిడ్స్ ఆదివారం పుస్తకాల సంతలో దొరికిన పాత అట్ట. రెండోది 2008లో వచ్చిన గట్టి అట్ట ఎడిషన్. రెండూ తెరిచినప్పుడు పాతదాని ప్రింటింగ్ చెడిపోయిందనుకున్నాను. అచ్చు లోపమేం లేదు. హిగ్గిన్స్ వేసిన ఊదా, పసుపు, గులాబీ మంటల్ని బోలండ్ పూర్తిగా తీసేసి, 2008లో తనే మళ్ళీ రంగులు వేసుకున్నాడు. గతం వచ్చే పేజీలు నలుపు తెలుపు చేసి, ఒక్కో వస్తువుకి మాత్రం ఎరుపు పెట్టాడు. బ్యాట్‌మన్ ఛాతీమీది పసుపు గుండ్రం కూడా ఎత్తేశాడు. ఇది అభిమానుల చిల్లర గొడవలా అనిపించొచ్చు గానీ, కలర్ స్క్రిప్టు, అంటే ఏ సీన్‌కి ఏ రంగులో ముందే తేల్చే పట్టిక, రాసేవాళ్ళకి ఇదే మొదటి తలనొప్పి. “పుస్తకానికి నమ్మకంగా ఉంటాం” అనడం తేలిక. ఏ పుస్తకానికి?

అరగంట లెక్క

మా దగ్గర ఒక మోటు కొలత ఉంది. మాటలూ యాక్షనూ కలిసిన కామిక్ పేజీ తెరమీద అర నిమిషం నుంచి నిమిషం నడుస్తుంది. ఇంకో బ్యాట్‌మన్ కామిక్ ‘ది డార్క్ నైట్ రిటర్న్స్’ నాలుగు లావు సంచికలు, దగ్గరదగ్గర 200 పేజీలు. ఇదే స్టూడియో దాన్ని 2012లో ఒక భాగం, 2013లో ఒక భాగం చేసింది, రెండూ కలిపి రెండున్నర గంటలు. ‘బ్యాట్‌మన్: ఇయర్ వన్’ నాలుగు మామూలు సంచికలు, 2011లో గంటా నాలుగు నిమిషాల సినిమా. ఆ రెండిట్లోనూ పని తగ్గించడం. ఏది వదిలేద్దాం, హీరో మనసులో అనుకునే మాటల్లో ఎన్ని ఉంచుదాం అన్నదే చర్చ. ‘డార్క్ నైట్ రిటర్న్స్’లో ఆ మనసులో మాటల్ని దాదాపు మొత్తం ఎత్తేశారు. అభిమానులు గొణిగారు గానీ సినిమా నిలబడింది.

‘కిల్లింగ్ జోక్’లో లెక్క తిరగబడింది. పేజీకి నిమిషం చొప్పున ఉదారంగా సాగదీసినా నలభై ఎనిమిది నిమిషాలు దాటదు. డీవీడీ, బ్లూ-రే అమ్మే లైన్‌లో అంత చిన్నదాన్ని పూర్తి సినిమా ధరకి అమ్మడం కష్టం. అందుకని ముందు ఇరవై ఎనిమిది నిమిషాల కొత్త కథ కలిపారు. పుస్తకంలో బార్బరాకి సొంత కథంటూ లేదు, ప్రేక్షకుడు ఆమెతో కాసేపు గడపాలి, ఆమెని ఇష్టపడాలి, అప్పుడే ఆ తూటాకి బరువొస్తుంది అన్నది టిమ్ చెప్పిన కారణం.

ఆ మాట వినడానికి న్యాయంగానే ఉంది. నేనైనా మీటింగ్‌లో ఉంటే తలూపేదాన్నే.

పిట్టకథ

హరిదాసు గారు కథ మధ్యలో పిట్టకథ ఎత్తుకుంటారు. జనం ఆవులిస్తున్నారని కనిపెట్టి రుక్మిణీ కల్యాణం ఆపి, ఏదో ఊళ్ళో ఏదో అత్తా కోడళ్ళ తగువు చెప్తారు. అందరూ నవ్వాక, ఆ కోడలు అన్న మాట దగ్గర్నుంచే మళ్ళీ రుక్మిణి దగ్గరికొస్తారు. ఎంత దూరం పోయినా వచ్చే తోవ ముందే చూసుకుని పోతారు. అది లేకపోతే దాన్ని పిట్టకథ అనరు, కాలక్షేపం అంటారు.

ఈ సినిమాలో పిట్టకథ ముందే వస్తుంది. బార్బరా గొంతుతో మొదలవుతుంది. ప్యారిస్ ఫ్రాంజ్ అని ఒక మాఫియా మేనల్లుడు, వాడు బ్యాట్‌గర్ల్ మీద మోజు పడి ఆమెని రెచ్చగొడుతుంటాడు. బ్యాట్‌మన్ ఆమెని ఈ కేసు వదిలెయ్యమంటాడు. ఇద్దరికీ మాటా మాటా పెరిగి, మేడమీద కొట్టుకుని, ఆ కొట్లాట శృంగారంలో తేలుతుంది. ఆ తర్వాత అతను మొహం చాటేస్తాడు. ఆమె లైబ్రరీలో తోటి ఉద్యోగి దగ్గర వాపోతుంది. చివరికి ఫ్రాంజ్‌ని చావగొట్టబోయి తనని తానే చూసి భయపడి, బ్యాట్‌గర్ల్ వేషం వదిలేస్తుంది. ఆ మీద తెర చీకటై అసలు పుస్తకం మొదలవుతుంది.

జనానికి కోపం తెప్పించింది ఆ మేడమీది సీన్. నిజానికి బార్బరా, బ్యాట్‌మన్ మధ్య ఏదో నడిచిందని టిమ్ పాత కార్టూన్లలో కూడా సూచన ఉంది, కాబట్టి ఆకాశం నుంచి ఊడిపడ్డ ఆలోచనేం కాదు. ఇందులో ఉన్న నైతిక తగువు మీద ఇప్పటికే చాలామంది చాలా రాశారు. ఆమెకి సొంత కథ ఇస్తామని చెప్పి, ఆ కథలో కూడా ఆమెని ఇద్దరు మగాళ్ళ మధ్యే తిప్పారన్న మాటతో నాకూ పేచీ లేదు. నేను చూపించదలుచుకున్నది దానికి ఒక మెట్టు కింద, పనిలో జరిగిన పొరపాటు.

ఫ్రాంజ్ పేరు ఇరవై ఎనిమిదో నిమిషం తర్వాత ఎవరూ ఎత్తరు. మేడమీద జరిగింది ఎవరూ ఎత్తరు. తూటా తగిలాక ఆసుపత్రిలో బార్బరా మంచం పక్కన బ్యాట్‌మన్ నిలబడే సీన్ ఉంది కదా, అక్కడి మాటలు దాదాపు 1988 నాటివే. ఆ మాటలు రాసినప్పుడు ఆ మంచం మీదున్నది స్నేహితుడి కూతురు, తోటి పోరాట యోధురాలు. సినిమాలో ఆమె అతనితో ఒక రాత్రి గడిపిన మనిషి, ఆ తర్వాత అతను పలకరించని మనిషి. మనిషి మారింది, మాట మారలేదు. కూరలో రెండు ముక్కలు ఎక్కువేసి ఉప్పు పాత కొలతే వేసినట్టు.

ఇంత ఖరాఖండిగా చెప్తున్నానంటే కారణం, ఇదే తప్పు మేమూ చేశాం. కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక స్టూడియోలో పిల్లల బొమ్మల కథ ఒకటి టీవీకి చేశాం. పన్నెండు పేజీల పుస్తకం, 22 నిమిషాల ఎపిసోడ్. పుస్తకాన్ని ఎంత లాగినా పద్నాలుగు నిమిషాలు దాటలేదు. అందుకని ముందు ఎనిమిది నిమిషాలు ఒక ఉడత కథ పెట్టాం. ఉడత తిండి దొంగతనం చేస్తుంది, దొరుకుతుంది, ఏడుస్తుంది. ఉడత డిజైన్ నాదే, ముద్దుగా వచ్చింది కూడా. అనిమాటిక్, అంటే బోర్డు బొమ్మల్ని వరసగా పేర్చిన కచ్చా వీడియో, పదిమంది పిల్లలకి వేసి చూపిస్తే, అయిపోయాక ఒక పాప లేచి “ఉడత ఏమైంది?” అంది. మేం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాం. కథ అయిపోయింది, ఏనుగు ఊరికి చేరింది, నీళ్ళు వచ్చాయి, అన్నీ బాగానే ఉన్నాయి, ఉడత మాత్రం ఎనిమిదో నిమిషం దగ్గరే చెట్టుమీద ఏడుస్తూ ఉండిపోయింది. అప్పట్నుంచి మా టీమ్‌లో తిరిగి రాని పాత్రకి పేరు ఉడత. “ఈ సీన్‌లో ఉడత ఉంది, చూసుకో” అంటాం.

ప్యారిస్ ఫ్రాంజ్ ఉడత. లైబ్రరీ ఉద్యోగి ఉడత. మేడ కూడా ఉడతే.

మాటలు లేని పేజీ

ముందు అరగంట గురించి అందరూ మాట్లాడేశారు. తర్వాత నలభై ఐదు నిమిషాల్లో, పుస్తకాన్ని ఉన్నదున్నట్టు తీశారని అందరూ ఒప్పుకునే భాగంలో, నాకు ఎక్కువ పాఠాలు దొరికాయి.

కామిక్‌లో ఒక పేజీలో బ్యాట్‌మన్ జోకర్ కోసం ఊరంతా వెతుకుతాడు. జోకర్ బొమ్మ పట్టుకుని ఒక్కొక్కళ్ళని అడుగుతాడు. ఒక్క మాటల బెలూన్ లేదు, ఒక్క మాట లేదు. తల అడ్డంగా ఊపే జనం, మారే వీధులు. అందులో ఒక ప్యానెల్లో, అంటే ఒక బొమ్మ గడిలో, వీధిలో నిలబడ్డ వేశ్యలున్నారు. పాఠకుడు ఆ పేజీ మీద మూడు సెకన్లకంటే ఎక్కువ ఆగడు. అర్థం ఒక్కటే: ఎవరికీ తెలీదు, టైమ్ అయిపోతోంది.

సినిమాలో ఆ ఆడవాళ్ళకి మాటలు ఇచ్చారు. వాడు ఎప్పుడు బయటపడ్డా ముందు మా దగ్గరికే వస్తాడు, ఈసారి రాలేదు, ఇంకో అమ్మాయి దొరికిందేమో అన్న అర్థంలో చెప్తారు. అంతే, రెండు మూడు లైన్లు. రైటింగ్ టేబుల్ దగ్గర ఇది చాలా మామూలు నిర్ణయం. సినిమాలో మాటలు లేకుండా ముప్పై సెకన్లు నడిపితే ప్రేక్షకుడు జారిపోతాడని భయం, ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్పాలి, ఒక క్లూ దొరకాలి. కానీ ఆ లైన్లు పడ్డ చోటు చూడండి. దానికి కాసేపటి ముందే బార్బరాని కాల్చి, బట్టలు తీసి, ఫొటోలు తీశాడు. జోకర్ ఆమెని ఇంకేం చేశాడన్నది పుస్తకం చెప్పలేదు. ముప్పై ఏళ్ళుగా పాఠకులు దాని మీద వాదించుకుంటూనే ఉన్నారు. “ఇంకో అమ్మాయి దొరికిందేమో” అనగానే వాదన ఒకవైపు ఒరిగింది. రచయిత అలా అనుకుని రాశాడో, ఊరికే ఖాళీ నింపాడో, ఫలితం మాత్రం ఒకటే. గొడవ ఉన్న పుస్తకానికి కొత్త గొడవ ఒకటి చేరింది, అదీ ఒక సైలెంట్ పేజీకి డైలాగ్ రాయడం వల్ల.

మా జూనియర్లకి ఈ రెండూ వరసగా చూపిస్తాను. పుస్తకంలో రచయిత చెప్పకుండా వదిలేసింది ప్యానెల్‌కీ ప్యానెల్‌కీ మధ్య ఉన్న తెల్లటి సందులో ఉంటుంది. దాన్ని గట్టర్ అంటాం. తెరమీద గట్టర్ లేదు, సెకనుకి 24 ఫ్రేములూ నిండాల్సిందే. వివాదం లేని పుస్తకమైతే ఆ సందుల్లో ఏం నింపినా ఎవరూ పట్టించుకోరు. ఇలాంటి పుస్తకంలో ఒక్కో సందు ఒక్కో కోర్టు కేసు.

తలుపు

తలుపు పేజీ దగ్గర కాస్త ఆగాలి. గోర్డన్ ఇంట్లో కూర్చుని పేపర్ కటింగ్స్ అతికించుకుంటుంటాడు. బార్బరా అతన్ని మందలిస్తూ కప్పు అందిస్తుంది. బెల్ మోగుతుంది. ఎదురింటి స్నేహితురాలు అయ్యుంటుందని వెళ్ళి తలుపు తీస్తుంది. ఎదురుగా పూల చొక్కా వేసుకుని, మెళ్ళో కెమెరా తగిలించుకుని, టూరిస్టులా జోకర్. చేతిలో తుపాకీ.

ఒకసారి నలుగురు జూనియర్లకి ఈ పేజీలు ఇచ్చి, చదువుతుంటే ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టాను. వాళ్ళకి చెప్పలేదు. ఒక కుర్రాడు రెండు సెకన్లలో తిప్పేశాడు, తర్వాత అడిగితే “చూడబుద్ధి కాలేదక్కా” అన్నాడు. ఒకమ్మాయి తిప్పలేదు. తలుపు తీసిన ప్యానెల్ దగ్గరే ఉండిపోయింది, నేను పలకరించేదాకా. ఏం చూస్తున్నావంటే “ఆమె మొహం అక్కా. ఇంకా నవ్వు పోలేదు” అంది. నిజమే. బోలండ్ అక్కడ పెట్టింది భయం కాదు, భయానికి ముందు అర సెకను. ఎవరో తెలిసినవాళ్ళొచ్చారని పెట్టుకున్న నవ్వు ఇంకా మొహం మీద ఉంది, కళ్ళు మాత్రం అర్థం చేసుకుంటున్నాయి.

ఆ అర సెకనుని తెరమీద ఎంతసేపు పట్టుకోవాలి? ఇది బోర్డ్ ఆర్టిస్టుకి నిజమైన టెన్షన్. 12 ఫ్రేములు పెడితే ఎవరికీ అందదు. రెండు సెకన్లు హోల్డ్ పెడితే, అంటే బొమ్మని కదలకుండా ఆపితే, కథ ఆగి పోజిచ్చినట్టుంటుంది. పుస్తకంలో ఆ కుర్రాడికి తిప్పేసే హక్కుంది, ఆ అమ్మాయికి ఆగే హక్కుంది. సినిమా ఇద్దరికీ ఒకే కొలత వడ్డించాలి. పోనీ ఆ మొహాన్ని అచ్చంగా గియ్యగలమా అంటే అదీ లేదు. బోలండ్ గీత చూస్తే ఒక్కో మొహంలో వందల సన్నగీతలుంటాయి. నీడ కూడా గీతలతోనే వేస్తాడు. చేత్తో గీసే యానిమేషన్‌లో రెండు ఫ్రేములకి ఒక బొమ్మ చొప్పున వేసినా సెకనుకి పన్నెండు బొమ్మలు. ఆ సన్నగీతలు ప్రతి బొమ్మలోనూ కాస్త కాస్త జరుగుతాయి, మొహమంతా చీమలు పాకినట్టు ఉడికిపోతుంది. అందుకని పాత్రని ఎలా గియ్యాలో చూపించే మోడల్ షీట్‌లో గీతలు తగ్గించక తప్పదు. గీతలు తగ్గితే మొహం నున్నగా అవుతుంది, ఆ మిగిలిన నవ్వు పోతుంది. సినిమా సుమారు 35 లక్షల డాలర్ల బడ్జెట్‌లో తీసింది. ఆ డబ్బుకి ఎవరు చేసినా బోలండ్ మొహాలు కదలవు. ఇందులో యానిమేటర్ల తప్పేం లేదు.

ఆ తూటా తర్వాత వచ్చే భాగంలో, ఫొటోల విషయంలో, సినిమా జాగ్రత్తగానే ఉంది. పుస్తకం ఆ ఫొటోల్ని ముక్కలు ముక్కలుగా, గోర్డన్ కూర్చున్న బొమ్మరైలు చుట్టూ తిప్పి చూపిస్తుంది. సినిమా కూడా పూర్తిగా చూపించకుండా దాటేస్తుంది. పదిహేడేళ్ళలోపువాళ్ళు పెద్దల తోడు లేకుండా చూడకూడదనే ఆర్ రేటింగ్ తెచ్చుకున్న మొదటి సినిమా ఈ డీసీ యానిమేషన్ వరసలో ఇదే. పుస్తకాన్ని మెత్తబరచకుండా తీసే స్వేచ్ఛ కోసమే ఆ రేటింగ్‌కి ఒప్పుకున్నామని స్టూడియో చెప్పింది. రేటింగ్ ఇచ్చిన స్వేచ్ఛని ఇక్కడ వాడుకోకుండా ఆగడం మెచ్చుకోవాల్సిన సంగతి. ముందు అరగంటలో కూడా అలా ఆగి ఉంటే బావుండేది.

గొంతులు

పొగడాల్సింది పొగడాలి. కెవిన్ కాన్రాయ్ బ్యాట్‌మన్, మార్క్ హామిల్ జోకర్, టారా స్ట్రాంగ్ బార్బరా. హామిల్ ఈ పుస్తకం తీస్తే వస్తానని 2011లోనే చెప్పాడు. గతంలోని ఆ నిలదొక్కుకోలేని కమెడియన్‌కి అతను వాడిన గొంతు వేరు. అరిగిపోయిన, బతిమాలే గొంతు. అదే గొంతులోంచి జోకర్ గొంతు పుట్టడం వింటుంటే, పుస్తకంలో నాకు దొరకనిది ఒకటి దొరికింది. పుస్తకంలో ఆ ఇద్దరూ ఒకడేనని మొహం పోలికతో చెప్పాలి. చెవికి ఇంకా తేలిగ్గా తెలుస్తుంది.

పాట కూడా అంతే. పుస్తకంలో జోకర్ గోర్డన్‌కి పాట పాడతాడు, కాగితం మీద సాహిత్యం మాత్రమే ఉంటుంది, రాగం మనమే కట్టుకోవాలి. సినిమాలో దాన్ని పూర్తి కార్నివాల్ పాట చేసి హామిల్ చేత పాడించారు. కొరియోగ్రఫీ అంతంతమాత్రమే గానీ గొంతు నిలబెట్టింది.

అయితే గొంతుతోనే ఒక చిక్కుంది. కాన్రాయ్, స్ట్రాంగ్ ఇద్దరూ 1990ల టీవీ కార్టూన్లలో అవే పాత్రలకి చెప్పారు. అక్కడ అతను గురువు, ఆమె శిష్యురాలు. ప్రేక్షకుడు ఆ గొంతులు విన్న మరుక్షణం ఆ పాత బంధుత్వం వెంట తెచ్చుకుంటాడు. మేడమీది సీన్‌లో గొంతులు ఒకటి గుర్తు చేస్తుంటే బొమ్మలు ఇంకొకటి చూపిస్తాయి. కొత్త నటుల్ని పెట్టుంటే ఆ సీన్ ఇంత ఇబ్బంది పెట్టేది కాదేమో. డబ్బింగ్ రంగంలో ఉన్నవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. మన దగ్గర కూడా ఒక హీరోకి ఏళ్ళ తరబడి గొంతిచ్చిన మనిషిని విలన్‌కి పెడితే హాల్లో జనం నవ్వుతారు.

ఆఖరి నవ్వు

పుస్తకం ఆఖరి పేజీలో బ్యాట్‌మన్, జోకర్ వానలో ఎదురెదురుగా నిలబడతారు. పిచ్చాసుపత్రి నుంచి పారిపోయే ఇద్దరి జోకు ఒకటి జోకర్ చెప్తాడు. బ్యాట్‌మన్ నవ్వుతాడు. ఇద్దరూ నవ్వుతారు. బ్యాట్‌మన్ చేతులు జోకర్ వైపు వెళ్తాయి. బొమ్మ నేలకి దిగుతుంది, పోలీసు బండి వెలుగు నీటిగుంట మీద పడుతుంది, నవ్వు ఆగుతుంది, వెలుగు పోతుంది, వాన చినుకులు మిగులుతాయి. మొదటి పేజీ మొదలైంది కూడా ఆ చినుకులతోనే. బ్యాట్‌మన్ అక్కడ జోకర్ మెడ విరిచేశాడని 2013లో రచయిత గ్రాంట్ మోరిసన్ అన్నాక ఆ పేజీ మీద మళ్ళీ యుద్ధం మొదలైంది.

ఆ యుద్ధం సాగడానికి కారణం లెటరింగ్. కాగితం మీద ‘హ హ హ’ అని అక్షరాలుంటాయి. అవి ఎవరి నోట్లోంచి వస్తున్నాయో ఒక దశ దాటాక తెలీదు. కాగితానికి ఆ సౌకర్యముంది. సౌండ్ మిక్సింగ్ గదిలో ఆ సౌకర్యం లేదు. హామిల్ నవ్వు ఒక ట్రాక్, కాన్రాయ్ నవ్వు ఒక ట్రాక్. ఎవరిది ముందు తగ్గించాలో ఎవరో ఒకరు శబ్దం పెంచి తగ్గించే ఫేడర్ మీద వేలు పెట్టి నిర్ణయించాలి. జోకర్ నవ్వు ముందాగితే ఒక అర్థం, ఇద్దరిదీ ఒకేసారి ఆగితే ఒక అర్థం, సైరన్‌లో కలిసిపోతే ఇంకో అర్థం. ఏదో ఒకటి ఎంచుకోకుండా తప్పించుకునే దారే లేదు. నేనైతే సైరన్‌ని పెంచి రెండు నవ్వుల్నీ దాని కింద ముంచేసేదాన్ని. పిరికితనమే, ఒప్పుకుంటాను.

అరగంటని వెనక పెడితే

వ్యాపారపరంగా ఈ సినిమా నష్టపోలేదు. డిస్క్ మార్కెట్ కోసం తీసినదాన్ని జులై 25న అమెరికా థియేటర్లలో ఒక్క రాత్రి ప్రత్యేక ప్రదర్శనగా వేస్తే, గిరాకీ చూసి మర్నాడూ షోలు పెంచారు. ప్రపంచమంతా కలిపి 40 లక్షల డాలర్లు దాటింది. కాబట్టి “జనం చూడలేదు” అన్న మాట చెల్లదు. చూశారు, చూసి తిట్టారు.

అరగంట తప్పనిసరి అనుకుందాం. అప్పుడు కూడా రెండు దారులు ఎదురుగానే ఉన్నాయి. మొదటిది, కలపకపోవడం. ఇదే సంస్థ 2010లో ఇరవై ఐదు నిమిషాల సూపర్‌మన్-షజామ్ సినిమాని మరికొన్ని షార్ట్‌లతో కలిపి ఒకే డిస్క్‌గా అమ్మింది. ‘ఇయర్ వన్’ డిస్క్‌లో క్యాట్‌వుమన్ షార్ట్ పెట్టింది. నలభై ఐదు నిమిషాల ‘కిల్లింగ్ జోక్’, పక్కన రెండు షార్ట్‌లు. అట్ట మీద నిమిషాలు సరిపోయేవి.

రెండోది, అరగంటని ముందు నుంచి తీసి వెనక పెట్టడం. దీనికి కొత్త కథ కూడా అక్కర్లేదు. యేల్, ఆస్ట్రాండర్ 1996లో ‘బ్యాట్‌మన్ క్రానికల్స్’లో రాసిన ‘ఆరకిల్’ మొదటి ఏడాది కథ డీసీ బీరువాలోనే ఉంది. బొమ్మలు బ్రయన్ స్టెల్‌ఫ్రీజ్. ఆసుపత్రి మంచం నుంచి మొదలై, కోపం, చక్రాల కుర్చీ, మళ్ళీ పోరాటం నేర్చుకోవడం, కొత్త పేరు. బార్బరాతో గడపాలన్నదే కోరికైతే గడపాల్సిన టైమ్ ఇది. తూటాకి ముందు ఆమెని ఎంత ఇష్టపడినా ఆ తూటా ఆమెని వస్తువు చేస్తుంది. తూటా తర్వాత ఆమెతో ఉంటే, జోకర్ పందెం ఓడిపోయింది గోర్డన్ దగ్గర మాత్రమే కాదని తెలుస్తుంది. ఒక్క చెడ్డరోజు ఆమెకీ వచ్చింది కదా. ఈ ఆలోచన సినిమావాళ్ళకి రాలేదని అనలేం. టైటిల్స్ మధ్యలో బార్బరా కుర్చీలో వచ్చి, తలుపు తెరిచి, కంప్యూటర్ల ముందు కూర్చుని మళ్ళీ పనిలోకి దిగే చిన్న ముక్క ఉంది. తోవ కనిపెట్టారు, నడవలేదు.

పోయిన బ్యాచ్‌కి ఇదే ఎక్సర్‌సైజ్ ఇచ్చాను: ఆ చిన్న ముక్కని మొదటి సీన్ అనుకుని బోర్డ్ వెయ్యండి, ఆరు ప్యానెళ్ళు చాలు. ఎక్కువమంది కంప్యూటర్ తెరల నీలిరంగు వెలుగుతో మొదలుపెట్టారు. తలుపు పేజీ దగ్గర ఆగిపోయిన అమ్మాయి మాత్రం మొదటి ప్యానెల్లో తలుపు పిడి వేసింది, పెద్దగా. కెమెరా ఇంత కిందికెందుకు పెట్టావంటే “ఇప్పుడు ఆమె కంటి ఎత్తు ఇదే కదక్కా” అంది. రెండో ప్యానెల్లో బెల్ మోగుతోంది. మూడోదాంట్లో చెయ్యి పిడి దాకా వెళ్ళి ఆగింది. ఆ హోల్డ్ పక్కన మార్జిన్లో పెన్సిల్‌తో నాలుగు సెకన్లు అని రాసి, కొట్టేసి, ఆరు అని రాసుకుంది.